కోటగుమ్మంలో వేలాడిన పంజరం

రాజమండ్రిలో కోటగుమ్మం తెలియనివాళ్లుండరు. గోదావరి స్టేషన్లో రైలు దిగి పుష్కరాల రేవుకు వెళ్లేవాళ్లు, మెయిన్ రోడ్డులో కొనుగోళ్లకు వచ్చే పల్లెటూరివాళ్లు... ఎవరైనా ఆ సెంటరు మీదుగా పోవాల్సిందే. నూట అరవై ఏళ్ల కిందటా అంతే. జనం నడిచే దారి అది. అందుకే 1858లో కుంపిణీ దొరలు ఏరికోరి ఆ చోటునే ఎంచుకున్నారు. అక్కడ ఒక ఇనుప పంజరం వేలాడదీశారు. అందులో ఉన్నది చిలకా కాదు, పులీ కాదు. ఒక మనిషి శవం!

ఆ మనిషి పేరు కారుకొండ సుబ్బారెడ్డి. పాపికొండల దగ్గర గోదావరి ఒడ్డునున్న కొరుటూరు పెద్ద. ఉత్తరాదిన సిపాయిల తిరుగుబాటు రగులుతున్న రోజుల్లోనే ఈ కొండల్లో ఆయన ఇంగ్లీషువాళ్ల మీద తిరగబడ్డాడు. పట్టుబడ్డాక ఇచ్చిన వాంగ్మూలంలో నానాసాహెబు పేరు చెప్పాడు. ఎక్కడి కాన్పూరు, ఎక్కడి కొరుటూరు! 1858లో సుబ్బారెడ్డిని బుట్టాయగూడెంలో ఉరితీశారు. ఆయన వెంట ఉన్నవాళ్లలో కొందరిని వేర్వేరు ఊళ్లలో ఉరితీశారు. ఒక్కొక్క ఊరికీ ఒక్కొక్క పాఠం అన్నమాట.

అంతటితో ఆగి ఉంటే అది ఒక మరణశిక్ష. ఆగలేదు. శవాన్ని ఇనుప చట్రంలో బిగించి రాజమండ్రి కోట గుమ్మం దగ్గర వేలాడదీశారు. ఎండకు ఎండి, వానకు తడిసి, కండ కరిగి, ఎముకలు మిగిలేదాకా అది అక్కడే ఉంది. జనం దానికి ‘సుబ్బారెడ్డి సంచి’ అని పేరు పెట్టుకున్నారు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. నేరస్తుల శవాలను గొలుసులతో వేలాడదీసే పద్ధతిని ఇంగ్లండులో 1834లోనే చట్టం చేసి ఎత్తేశారు. నాగరికులు చేయదగ్గ పని కాదనుకున్నారు. తమ దేశంలో మానేసిన ఇరవై నాలుగేళ్లకు గోదావరి ఒడ్డున మళ్లీ చేశారు. తమవాళ్లకు పనికిరాని శిక్ష పరాయివాళ్లకు పనికొచ్చింది.

ఈ లెక్క కుంపిణీవాళ్లు కనిపెట్టింది కాదు. రెండున్నర వేల ఏళ్ల నాటిది. మనిషిని చంపడం ఒక్కటే చాలదు, నలుగురూ చూసేలా చంపాలి, చంపాక కూడా చూపించాలి అన్న ఆలోచనకు లోకంలో అందరికీ తెలిసిన రూపం ఒకటుంది. అదే శిలువ.

కొరత అంటే లోటు కాదు

ఇవాళ ‘కొరత’ అంటే ఎరువుల కొరత, ఇసుక కొరత. పాత తెలుగులో ఇంకో కొరత ఉంది. వింటేనే ఒళ్లు జలదరించే మాట అది. నేలలో పాతిన వాడి కొయ్య మీద మనిషిని గుచ్చి నిలబెట్టడాన్ని కొరత వేయడం అనేవారు. సంస్కృతంలో శూలారోపణం. శిలువ కథ మొదలయ్యేది ఈ కొయ్య దగ్గరే.

బాబిలోన్ రాజు హమ్మురాబి శాసనం వయసు దాదాపు మూడువేల ఏడొందల ఏళ్లు. పరపురుషుడి కోసం మొగుణ్ని చంపించిన ఆడదాన్ని కొయ్యకు గుచ్చాలని అందులో రాసి ఉంది. ఆ తర్వాత అస్సీరియావాళ్లు వచ్చారు. వాళ్లు దీన్ని యుద్ధతంత్రంగా మార్చేశారు. క్రీస్తుపూర్వం 701లో సన్హెరీబు అనే రాజు యూదయ దేశంలోని లాకీషు పట్టణాన్ని ముట్టడించాడు. ఆ విజయాన్ని నినెవే నగరంలోని తన రాజభవనం గోడల మీద చెక్కించుకున్నాడు. ఆ రాతిపలకలు ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కోటగోడ బయట కొయ్యల మీద వేలాడుతున్న మనుషులు వాటిలో స్పష్టంగా కనిపిస్తారు. లోపలున్నవాళ్లు చూసి గుండె జారి తలుపులు తీయాలి... ఉద్దేశం అదీ.

పారశీకులు ఈ విద్యను ఇంకా పెద్ద ఎత్తున ప్రయోగించారు. ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ మీద డరయస్ చక్రవర్తి చెక్కించిన శాసనం ఉంది. తన మీద తిరగబడ్డ ఫ్రవర్తిష్ అనేవాణ్ని ఏం చేశాడో అందులో తానే చెప్పుకున్నాడు. ముక్కు, చెవులు, నాలుక కోయించాడు. ఒక కన్ను పొడిపించాడు. తన కోట గుమ్మం ముందు కట్టేసి జనమందరికీ చూపించాడు. ఆ తర్వాత ఎక్బటానా నగరంలో కొయ్య ఎక్కించాడు. గమనించారా? అక్కడా కోట గుమ్మమే!

బాబిలోన్ తిరుగుబాటును అణచినప్పుడు డరయస్ మూడువేల మంది ప్రముఖుల్ని ఇలాగే చంపించాడని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. అయితే ఆ పాత రాతలతో ఒక చిక్కుంది. గ్రీకు మాట ‘స్టౌరోస్’కు మొదట్లో అర్థం నిలువు కొయ్య అని మాత్రమే. గుచ్చారా, కట్టారా, మేకులు కొట్టారా, బతికుండగానా, చంపాకనా... అన్నిటికీ దాదాపు అవే మాటలు వాడారు. అందుకే ఫలానా రోజున ఫలానావాడు శిలువను కనిపెట్టాడని చెప్పడం కుదరదు. గుచ్చే కొయ్య మెల్లమెల్లగా వేలాడదీసే కొయ్య అయింది. అంతే.

ఒడ్డు దాటిన కొయ్య

పారశీకులది అనాగరికమని గ్రీకులు తిట్టేవారు. తిడుతూనే నేర్చుకున్నారు. క్రీస్తుపూర్వం 479లో ఆర్తయక్తిస్ అనే పారశీక పాలకుడు ఏథెన్సువాళ్లకు చిక్కాడు. అతణ్ని పలకకు మేకులతో కొట్టి నిలబెట్టారు. అతని కళ్లముందే అతని కొడుకును రాళ్లతో కొట్టి చంపారు. హెరొడోటస్ చరిత్ర దాదాపు ఈ ఘటనతోనే ముగుస్తుంది.

అలెగ్జాండర్ సంగతి సరేసరి. క్రీస్తుపూర్వం 332లో టైర్ నగరం ఆయన్ని ఏడు నెలలు విసిగించింది. లొంగాక, బతికిన మగవాళ్లలో రెండువేల మందిని సముద్రం ఒడ్డునే శిలువలకెక్కించాడని రోమన్ రచయిత కర్టియస్ రాశాడు. అదే అలెగ్జాండర్ మన దేశానికి వచ్చి సింధు ప్రాంతంలో ఎదురు తిరిగిన ముసికానస్ అనే రాజును, అతణ్ని ఎగదోసిన బ్రాహ్మణులను వేలాడదీయించాడు.

మధ్యధరా సముద్రానికి ఆవల కార్తేజి నగరం ఉండేది. అక్కడివాళ్లు ఓడిపోయి వచ్చిన సొంత సేనాపతులను సైతం శిలువ వేసేవారు. క్రీస్తుపూర్వం 238 ప్రాంతంలో జీతాలందని కిరాయి సైనికులు వాళ్లమీద తిరగబడ్డారు. ట్యూనిస్ ముందు హమిల్కార్ అనే సేనాని తిరుగుబాటు నాయకుడు స్పెండియస్‌ను శిలువ వేశాడు. కొద్దిరోజులకే తిరుగుబాటుదారులు హానిబల్ అనే కార్తేజి సేనానిని పట్టుకున్నారు. స్పెండియస్ శవాన్ని దించి అదే కొయ్యకు అతణ్ని ఎక్కించారు. (ఏనుగులతో ఆల్ప్స్ దాటిన హానిబల్ కాదు, అదే పేరున్న ఇంకొకడు.) కొయ్య ఒకటే. ఎక్కేవాడే మారాడు.

ఈ కార్తేజివాళ్లతో మూడు యుద్ధాలు చేసిన రోమన్లు వాళ్ల దగ్గరే ఈ శిక్షను నేర్చుకుని ఉంటారని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. గురువును మించిన శిష్యులయ్యారు.

రాజమండ్రి నుంచి విశాఖ దాకా...

రోములో శిలువ అందరికీ కాదు. అది ప్రధానంగా బానిసల శిక్ష. తర్వాత దారిదోపిడీగాళ్లకు, తిరగబడ్డ పరాయి జనానికి. రోమ్ పౌరుడికి మామూలుగా ఆ శిక్ష వేయరు. శిలువ అన్న మాట కూడా రోమ్ పౌరుడి చెవిన పడకూడదని వాదించాడు సిసిరో అనే వక్త. క్రీస్తుపూర్వం 70లో సిసిలీ ద్వీపాన్ని దోచుకుతిన్న వెర్రెస్ అనే పాలకుడి మీద ఆయన కేసు నడిపాడు. ఆ వెర్రెస్ చేసిన ఘోరాల్లో ఒకటి గావియస్ అనే పౌరుణ్ని శిలువ వేయించడం. నేను రోమ్ పౌరుణ్ని అని అతను మొత్తుకుంటుంటే, ‘అయితే ఇటలీ కనబడేటట్టు పాతండి’ అన్న ధోరణిలో ఆ కొయ్యను జలసంధి ఒడ్డున ఇటలీకి ఎదురుగా నిలబెట్టించాడు.

ఒక్క పౌరుడికి జరిగితే అంత గగ్గోలు. మరి బానిసలకు?

దానికి ఏడాది ముందు, క్రీస్తుపూర్వం 71లో స్పార్టకస్ తిరుగుబాటు అణగారిపోయింది. పట్టుబడిన ఆరువేల మంది బానిసల్ని క్రాసస్ అనే సేనాపతి కపువా నుంచి రోము దాకా దారి పొడవునా శిలువ వేయించాడు. ఆ దారి పొడవు దాదాపు రెండొందల కిలోమీటర్లు. మనకు అర్థమయ్యే లెక్కలో చెప్పుకోవాలంటే రాజమండ్రి నుంచి విశాఖపట్నం దాకా హైవే ఊహించుకోండి. అన్నవరం, తుని, అనకాపల్లి దాటి పోయేదాకా ప్రతి ముప్పై, ముప్పై అయిదు మీటర్లకు ఒక మనిషి! బస్సు కిటికీలోంచి కరెంటు స్తంభాలు వెనక్కి పరుగెత్తుతుంటాయి కదా... ఆ దారిలో ఒక స్తంభమూ ఒక మనిషే.

ఇదంతా ఆవేశంలో చేసిన పని కూడా కాదు. పద్ధతి ప్రకారం సాగిన వ్యవహారం. ఇటలీలో ఇవాళ పొజువోలి అని పిలిచే ఊళ్లో ఒక పాత శాసనం దొరికింది. ఆ ఊళ్లో శవాలు మోయించే కాంట్రాక్టరు బానిసల్ని శిలువ వేసే ఏర్పాట్లు కూడా చూడాలని దానిలో ఉంది. కొయ్య మోసేవాడికి ఇంత కూలి, కొరడాతో కొట్టేవాడికి ఇంత కూలి అని రేట్లు కూడా రాశారు. మన మున్సిపాలిటీల్లో చెత్త ఎత్తడానికి టెండరు పిలిచినంత మామూలుగా!

శిక్ష పడినవాణ్ని ముందు కొరడాలతో కొట్టేవారు. అడ్డకొయ్యను వాడి భుజాల మీదే పెట్టి ఊరి బయటికి నడిపించేవారు. నిలువు కొయ్య చాలాచోట్ల ముందే పాతి ఉండేది. తాళ్లతో కట్టేవారు, లేదా మేకులు దిగ్గొట్టేవారు. ఆ పైన చేయాల్సిందేమీ లేదు. చావు తన తీరికను బట్టి వస్తుంది. కొందరికి గంటల్లో, కొందరికి రోజుల్లో. దేనివల్ల ప్రాణం పోతుంది, ఊపిరాడకా, రక్తం పోయా, దాహంతోనా అన్నది వైద్యులు ఇంకా తేల్చుకోలేదు. శవాన్ని చాలాసార్లు దించరు. కాకులూ గద్దలూ కుక్కలూ చూసుకుంటాయి. సమాధి లేకపోవడం కూడా శిక్షలో భాగమే.

మేకు వంగబట్టి...

యూదయ దేశంలో ఈ శిక్ష అరుదేమీ కాదు. క్రీస్తుపూర్వం 88 ప్రాంతంలో అలెగ్జాండర్ యన్నయ్ అనే యూదు రాజే తన మీద తిరగబడ్డ ఎనిమిది వందల మందిని ఒక్కసారి శిలువ వేయించాడని చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. క్రీస్తుపూర్వం 4లో వారస్ అనే రోమన్ అధికారి రెండువేల మందిని వేయించాడు. క్రీస్తుశకం 70లో యెరూషలేము ముట్టడి జరిగినప్పుడు తిండి వెతుక్కుంటూ కోట దాటి వచ్చినవాళ్లను రోజుకు అయిదొందల మంది దాకా పట్టుకుని శిలువలు వేశారు. కొయ్యలు పాతడానికి చోటు, మనుషులకు సరిపడా కొయ్యలు కూడా లేకుండా పోయాయని అదే జోసీఫస్ రాశాడు. వీటి నడుమ, క్రీస్తుశకం 30 ప్రాంతంలో, పొంతి పిలాతు అనే గవర్నరు హయాంలో, గలిలయ నుంచి వచ్చిన ఒక వడ్రంగి కొడుకును అదే ఊరి బయట ఇద్దరు దొంగల నడుమ శిలువ వేశారు. రోమన్ల లెక్కలో అది కూడా ఒక మామూలు కేసే.

ఇన్ని వేలమందిని చంపారు కదా, మరి ఎముకలేవి? తవ్వకాల్లో పురాతత్వవేత్తలకు చాలాకాలం ఒక్క ఆధారమూ దొరకలేదు. శవాలకు సమాధులే లేకపోతే ఎముకలెక్కడివి? మేకుల్ని కూడా పీకి మళ్లీ వాడుకునేవారు. చివరికి 1968లో యెరూషలేముకు ఉత్తరాన గివత్ హమివ్తార్ అనేచోట ఒక సమాధి బయటపడింది. అందులోని ఎముకల పెట్టె మీద యెహోహనాన్ అని పేరు చెక్కి ఉంది. అతని మడమ ఎముకలో నాలుగున్నర అంగుళాల ఇనుప మేకు దిగి ఉంది. దాని కొస వంగిపోయింది. కొయ్యలో ముడి తగిలి వంగి ఉంటుంది. వంగబట్టి పీకడం కుదరలేదు. పీకడం కుదరలేదు కాబట్టి ఎముకతోపాటే పూడ్చారు. వేలమందిలో ఒక్కడి పేరు మనదాకా రావడానికి ఒక వంకర మేకు కారణం!

ఆ తర్వాత ఇంగ్లండులోని కేంబ్రిడ్జిషైర్‌లో, ఫెన్‌స్టాంటన్ అనే పల్లెలో 2017లో జరిపిన తవ్వకాల్లో ఇలాగే మడమలో మేకున్న అస్థిపంజరం దొరికింది. రోమన్ సామ్రాజ్యం ఎంతదూరం పోతే శిలువ అంతదూరం పోయిందనడానికి అది సాక్ష్యం. నాలుగో శతాబ్దంలో కాన్‌స్టాంటైన్ చక్రవర్తి ఈ శిక్షను ఎత్తేశాడని ఆ కాలపు రచయితలు చెప్పారు. అయినా కొయ్య పూర్తిగా మాయం కాలేదు. 1597లో జపాన్‌లోని నాగసాకిలో హిదెయోషి అనే పాలకుడి ఆజ్ఞతో ఇరవై ఆరుమంది క్రైస్తవుల్ని శిలువ వేశారు.

మన మాండవ్యుడు

ఇదంతా ఎక్కడో జరిగిన ఘోరం, మనకేం సంబంధం అనుకోవద్దు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో శూలం ఎక్కించాల్సిన నేరాలున్నాయి. రాజుగారి ఏనుగునో గుర్రాన్నో దొంగిలించినా ఆ శిక్షే. కళింగ యుద్ధం తర్వాత మారిన మనిషి అని మనం చెప్పుకునే అశోకుడు సైతం మరణశిక్షను ఎత్తేయలేదు. శిక్ష పడినవాళ్లకు మూడు రోజుల గడువు మాత్రం ఇచ్చాడు. శూద్రకుడి మృచ్ఛకటికంలో చారుదత్తుణ్ని వధ్యస్థానానికి తీసుకెళ్లే ఘట్టం చూడండి. మెడలో గన్నేరుపూల మాల, వెంట డప్పు చాటింపు, భుజం మీద తనను చంపబోయే శూలం! రోములో అడ్డకొయ్య, ఉజ్జయినిలో శూలం. మోసేది మాత్రం చావబోయేవాడే. విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ కూడా రాజద్రోహుల్ని బతికుండగానే కొయ్యకు గుచ్చేవారని రాసిపెట్టాడు.

అసలు మన తెలుగు సాహిత్యం మొదలైన చోటే ఒక కొరత ఉంది. పదకొండో శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో, ఇదే రాజమండ్రిలో, నన్నయ భారతం తెలుగు చేశాడు. ఆదిపర్వంలో మాండవ్యుడి కథ వస్తుంది. మౌనవ్రతంలో ఉన్న ముని. దొంగలు తాము దోచుకున్న సొమ్ము ఆయన ఆశ్రమంలో దాచిపెట్టి నక్కారు. రాజభటులు వచ్చి అడిగితే ఆయన పలకలేదు. దొంగలతోపాటు ఆయన్నీ కొరత వేశారు. తపశ్శక్తితో ఆయన చావలేదు. రాజుకు సంగతి తెలిసి పరుగున వచ్చి కాళ్లమీద పడ్డాడు. కొయ్యను పీకబోతే రాలేదు. కోసేశారు. ముక్క లోపలే ఉండిపోయింది. అందుకే ఆయన ఆణిమాండవ్యుడయ్యాడు.

యెహోహనాన్ మడమలోని మేకు, మాండవ్యుడి ఒంట్లోని ములుకు... రెండూ ఊడిరాలేదు. ఒకటి చరిత్ర, ఒకటి పురాణం.

కథ అక్కడితో అయిపోలేదు. మాండవ్యుడు యమధర్మరాజు దగ్గరికి పోయి నిలదీశాడు. నేనేం పాపం చేశానని ఈ శిక్ష? చిన్నప్పుడు పురుగుల్ని పుల్లతో గుచ్చావన్నాడు యముడు. అభం శుభం తెలియని వయసులో చేసిన పనికి ఇంత శిక్షా అని ముని మండిపడ్డాడు. పద్నాలుగేళ్లలోపు పిల్లలు చేసిందేదీ పాపం కాదని కొత్త కట్టడి చేశాడు. శిక్ష వేసిన ధర్మరాజునే భూలోకంలో దాసి కడుపున పుట్టమని శపించాడు. ఆయనే విదురుడు. నేరానికి తగ్గ శిక్ష ఉండాలని, పిల్లల్ని పెద్దల్లా శిక్షించకూడదని, తప్పుగా శిక్ష వేసినవాడు జవాబు చెప్పాలని... ఇవాళ న్యాయశాస్త్ర విద్యార్థులు చదువుకునే మూడు సూత్రాలు కొరత మీద కూర్చున్న మునివల్ల మనకు దక్కాయి.

రాజమండ్రికి ఇంకో కథ కూడా ఉంది. సారంగధర మెట్ట. సవతితల్లి చిత్రాంగి మాట విని రాజరాజ నరేంద్రుడు కన్నకొడుకు కాళ్లూ చేతులూ నరికించాడని చెప్పుకుంటారు. చరిత్రలో దీనికి ఆధారం లేదు. చరిత్రకు తెలిసిన ఆయన కొడుకు చోళ సింహాసనం ఎక్కిన కులోత్తుంగుడు. అయినా కావ్యాల్లో, నాటకాల్లో, ఎన్టీఆర్ నటించిన 1957 నాటి సినిమాలో ఆ కథ బతికింది. మెట్టకు ఆ పేరూ నిలిచింది. ఎందుకు? రాజు తొందరపడి శిక్షించాడన్న భయం జనానికి అనుభవమే కాబట్టి.

ఊరి చివర కొయ్య

శిలువను శిక్షగా చూసినవాళ్లకు దాన్ని పూజించడం వింతగా ఉండేది. రోములో దొరికిన ఒక పాత గోడబొమ్మలో గాడిద తలున్న మనిషి శిలువ మీద ఉంటాడు. కింద అలెక్సామెనోస్ అనేవాడు మొక్కుతుంటాడు. తన దేవుణ్ని కొలుస్తున్నాడని పక్కన వెక్కిరింత రాత. ఇవాళ ఎవరైనా ఉరితాడును లాకెట్టుగా మెడలో వేసుకుంటే మనమెలా చూస్తాం? అలా చూశారన్నమాట. శిలువ మీద క్రీస్తు బొమ్మను క్రైస్తవులు బాహాటంగా చెక్కుకోవడానికి అయిదో శతాబ్దం దాకా పట్టింది. రోములోని శాంతా సబీనా గుడి చెక్క తలుపు మీద ఆ బొమ్మ ఇప్పటికీ ఉంది.

ఆ కొయ్య గోదావరి డెల్టాకూ వచ్చింది. 1836లో ఇంగ్లండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ అనే ఇద్దరు మిషనరీలు వచ్చి తర్వాత నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో స్థిరపడ్డారు. 1840ల్లో లూథరన్లు రాజమండ్రిలో పని మొదలుపెట్టారు. ధవళేశ్వరంలో ఆనకట్ట లేస్తున్న కాలం అది. మన ‘సిలువ’ మాట ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా? సిరియాక్ భాషలో ‘స్లీబా’. అది తమిళంలో ‘సిలువై’ అయి, తెలుగులో సిలువ అయింది. అరబ్బీ, ఉర్దూల్లోని ‘సలీబ్’ కూడా ఆ కుటుంబమే. రోమన్ల శిక్షకు మనం వాడేది రోమన్ల మాట కాదు, వాళ్ల కింద నలిగినవాళ్ల వైపు మాట.

డెల్టాలో ఆ కథను ముందుగా మనసుకు తీసుకున్నవాళ్లు ఎక్కువగా మాలపల్లెల, మాదిగపల్లెల జనం. కారణాలు అనేకం. చదువు, ఆసుపత్రి, కరువులో గంజి... అన్నీ ఉన్నాయి. కానీ కథలోనే ఒక కారణం ఉంది. శిలువను ఎప్పుడూ ఊరి బయట పాతేవారు. ఇక్కడ ఈ మనుషుల్ని ఉంచింది కూడా ఊరి బయటే. దేవుడు ఊరి నడుమ గుడిలో కాకుండా ఊరి చివర, బానిసకు వేసే శిక్షతో చచ్చాడన్న మాట ఊరి చివర బతికేవాళ్లకు ఎలా వినబడి ఉంటుందో వేరే చెప్పాలా? కుర్రతనంలో రాజమండ్రిలో మూకీ సినిమాలకు కథ చెప్పి పొట్టపోసుకున్న గుర్రం జాషువా తర్వాతి రోజుల్లో క్రీస్తు చరిత్రను కావ్యంగా రాశారు. 1964లో దానికే కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 1978లో ‘కరుణామయుడు’ విడుదలయ్యాక పల్లెల్లో తెర కట్టి ఆ సినిమా వేస్తే, శిలువ మోసే ఘట్టంలో ఏ మతంవాళ్లన్న తేడా లేకుండా ముసలమ్మలు కొంగుతో కళ్లు ఒత్తుకునేవారు. వాళ్లు ఏడ్చింది మతం కోసం కాదు. తప్పులేనివాణ్ని నలుగురిలో కొడుతున్నందుకు.

చూసేవాళ్ల సంగతి

శిక్ష వేసేవాడు, పడేవాడు... ఇద్దరి గురించే మాట్లాడుకుంటాం. మూడోవాడొకడుంటాడు. చూసేవాడు. శిలువకైనా, కొరతకైనా, పంజరానికైనా అసలు అవసరం వాడే. చూసేవాడు లేకపోతే అంత శ్రమ ఎందుకు? చీకట్లో చంపేస్తే సరిపోయేది.

1985లో రాజస్థాన్ హైకోర్టు ఒక కేసులో ముద్దాయిని బహిరంగంగా ఉరితీయాలని, ముందుగా అందరికీ ప్రచారం చేయాలని ఆదేశించింది. సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. నేరం ఎంత అనాగరికమైనదైనా దానికి మరో అనాగరికం జవాబు కాదని, బహిరంగ ఉరి రాజ్యాంగంలోని 21వ అధికరణానికి విరుద్ధమని తేల్చింది. రెండున్నర వేల ఏళ్లుగా కోట గుమ్మాల ముందు నడిచిన తంతుకు మన దేశంలో చట్టప్రకారం తెర పడింది అక్కడే.

చట్టంలో తెర పడింది సరే, మనసులో? 2019 డిసెంబరులో హైదరాబాద్ శివార్లలో ఒక అత్యాచారం, హత్య కేసులో నిందితులు నలుగురు పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు ఆ చోటుకు జనం వేలల్లో పరుగెత్తారు. పోలీసుల మీద పూలు చల్లారు. మిఠాయిలు పంచారు. జరిగిన ఘోరానికి రగిలిన కడుపుమంట అది, అర్థం చేసుకోవచ్చు. కానీ సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో పోలీసుల కథనం నమ్మదగింది కాదని చెప్పింది. అప్పటికి పూలు వాడిపోయాయి. మాండవ్యుణ్ని కొరత వేసిన రాజుకు కనీసం కాళ్లమీద పడేందుకు ఆ ముని బతికున్నాడు. అందరికీ ఆ అవకాశం ఉండదు.

ఇంకో మాట. ఇలాంటి శిక్షలు వేసినవాళ్ల లెక్క ఎప్పుడూ తప్పుతూనే వచ్చింది. శిలువ వేస్తే పేరు తుడిచిపెట్టుకుపోతుందనుకున్నారు. పిలాతు పేరు ఇవాళ లోకానికి గుర్తుందంటే అతను శిలువ వేయించిన మనిషి వల్లే. స్పార్టకస్‌ను అణచిన క్రాసస్ కన్నా స్పార్టకస్సే ఎక్కువమందికి తెలుసు. అలాగని మురిసిపోవడానికి లేదు. కపువా దారిలో వేలాడిన ఆరువేల మందిలో ఒక్కరి పేరూ మనకు రాలేదు. వాళ్ల మేకులు వంగలేదు మరి!

సుబ్బారెడ్డి శవాన్ని పంజరంలో పెట్టించిన దొర ఎవరని రాజమండ్రిలో అడిగి చూడండి. చెప్పగలిగేవాళ్లు అరుదు. పంజరంలోని మనిషి పేరు మాత్రం మన్యం చరిత్ర రాసే ప్రతివాళ్లూ రాయాల్సిందే. భయపెట్టడానికి కట్టిన సంచి అది. పేరును దాచిపెట్టే సంచి అయింది.

ఈసారి కోటగుమ్మం సెంటర్లో ఆటో కోసం నిలబడ్డప్పుడు ఒక్కసారి తలెత్తి పైకి చూడండి. అక్కడ ఇప్పుడేమీ వేలాడటం లేదు. అలాగే ఉండనిద్దాం.